రైలు సరే, ఊళ్ల గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

రాజస్థాన్ చూపించే ప్యాలెస్ ఆన్ వీల్స్ అనే లగ్జరీ టూరిస్టు రైలు గురించి ఎవరు రాసినా రూమ్, భోజనం, స్పా ఇవే రాస్తున్నారు. 1982 జనవరి 26న మొదలైన ఈ రైలు ఢిల్లీలో బయల్దేరి జైపూర్, సవాయి మాధోపూర్, చిత్తోడ్, ఉదయపూర్, జైసల్మేర్, జోధ్‌పూర్, భరత్‌పూర్, ఆగ్రా అన్నీ వారంలో చుట్టబెట్టి మళ్లీ ఢిల్లీకే తెచ్చేస్తుంది, పడుకుని లేచేసరికి ఇంకో ఊరు, పెద్దవాళ్లకి సామాన్లు మోస్తూ హోటళ్లు మారే పని ఉండదు, అది నిజంగా పెద్ద సుఖమే, కాదనను.

కానీ అసలు చూడాల్సింది ఊళ్లే కదండీ. జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో లోహా పోల్ అనే ద్వారం దగ్గర గోడ మీద వరసగా చిన్న చిన్న అరచేతుల గుర్తులుంటాయి, సతీసహగమనానికి వెళ్తూ రాణులు వదిలినవి. కొన్నయితే చిన్నపిల్లల చేతుల్లా ఉన్నాయి. నేను కదల్లేకపోయాను, వెనకనుంచి మాత్రం జనం సెల్ఫీ తీసుకుని వెళ్లిపోతూనే ఉన్నారు, చాలా బాధేసింది.

చిత్తోడ్‌లో మేవాడ్ రాజు రాణా కుంభా కట్టించిన తొమ్మిదంతస్తుల విజయస్తంభం కూడా అంతే, కథ తెలీకపోతే అదో ఎత్తైన కట్టడం. జైసల్మేర్ కోట 1156 నాటిది, ఇప్పటికీ లోపల కుటుంబాలు కాపురముంటున్నాయి!

అందుకే మీ ఆదివారం పేజీలో వారానికో ఊరి చరిత్ర వెయ్యండి, వెళ్లేవాళ్లు ముందే చదువుకుని వెళ్తారు, వెళ్లలేనివాళ్లు ఇంట్లోనే చదువుకుంటారు.

- ఒక పాఠకురాలు