పాత గోడలకు సిమెంటు పూత వద్దు

సంపాదకులకు,

1935లో కట్టిన మొజంజాహి మార్కెట్ మరమ్మతుల తర్వాత 2020లో మళ్లీ తెరుచుకుంది. దాని చుట్టుపక్కల అబిడ్స్, సుల్తాన్ బజార్, పాతబస్తీల్లోని డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) కట్టడాలకూ అంతే శ్రద్ధ కావాలి. ఈ గోడలకు సిమెంటు పూయడమే అసలు చేటు. సున్నపు గోడ నేల నుంచి పీల్చిన తేమను పైపూత గుండా వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తేమ పైకెక్కి, ఉప్పు లోపలే పేరుకుని, ఇటుక పొడిగా రాలుతుంది. పూత పెచ్చులూడితే మళ్లీ సిమెంటే పూస్తారు!

పాత సిమెంటును బ్రేకరుతో కాదు, ఉలితో తీయాలి. ఇటుకల మధ్య సందులను రెండు సెంటీమీటర్ల లోతున గీకి, కడిగి, తడి ఆరకముందే సున్నం నింపాలి. సున్నాన్ని కనీసం మూడు వారాలు నీళ్లలో నాననిచ్చి, ఒక పాలుకు మూడు పాళ్లు ఇసుక, సుర్కీ (ఇటుక పొడి) కలిపి గానుగ పట్టాలి. బెల్లం, కరక్కాయ నీళ్లు కలపడం మన మేస్త్రీలకు తెలిసిందే. ఒక్కో పూత సెంటీమీటరు మించితే బీటలు వారుతుంది. తడి గోనెపట్టాలు కనీసం వారం ఉంచాలి. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ.

ఫుట్‌పాత్ మీద మరో కష్టం. పాతది తవ్వకుండా పైపైన వేసుకుంటూ పోతే అది గడప కంటే ఎత్తవుతుంది, వాన నీరు గోడలోకే పోతుంది. గోడ పక్కన అడుగు వెడల్పున కాంక్రీటు వేయకుండా కంకర నింపి, వాలు వీధివైపు ఇవ్వాలి.

టెండర్లలో సున్నం పనికి విడిగా రేటు, గడువు రాయాలి. చివరి బిల్లు ఒక వానాకాలం గడిచాకే చెల్లించాలి.

— పాత కట్టడాల మరమ్మతు పనివారు, హైదరాబాద్