ఆ పిక్ ఎవరి చేతిలో ఉందో కూడా వేయండి

2025 సెప్టెంబరు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ క్రీడల పేజీలో ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగు) డ్రాఫ్టు మీద, అంటే జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే పద్ధతి మీద వచ్చిన వ్యాసం చదివాను; ఆ వంతునే పిక్ అంటారు. తెలుగు పేపర్లో బాస్కెట్‌బాల్‌కి అరపేజీ దొరకడమే గొప్ప, అందుకు ముందు థ్యాంక్స్. కానీ జట్టు బాగుపడాలంటే రెండు మూడేళ్లు ఓడిపోతే సరి, అట్టడుగున ఉన్నవాళ్లకి మొదటి పిక్ వస్తుంది, దాంతో ఒక స్టార్ దొరుకుతాడు, ఇక తిరుగుండదు అన్నట్టు రాశారు. మన లీగుల్లో కూడా ఇదే పెట్టాలని సలహా కూడా ఇచ్చారు. అంత తేలికైతే డెట్రాయిట్ వాళ్లు ఈపాటికి నాలుగు కప్పులు కొట్టి ఉండాలి కదండీ. 2022-23లో వాళ్లు 82 మ్యాచుల్లో 17 గెలిచారు, లీగులో అందరికన్నా అధ్వానం, పిక్కుల వరస తేల్చే లాటరీలో 5వ పిక్ వచ్చింది. మరుసటేడు వరసగా 28 మ్యాచులు ఓడి, 14 గెలుపులతో సీజన్ ముగించారు, మళ్లీ 5వ పిక్కే. ఆ తర్వాత 2024-25లో 44 గెలిచారంటే అది ఓడినందుకు దక్కిన బహుమానం కాదు. అంతకు ముందే ఉన్న కేడ్ కన్నింగ్‌హామ్ ఎదిగాడు, కోచ్ మారాడు, చుట్టూ బంతి వేయడం తెలిసిన సీనియర్లను తెచ్చి పెట్టుకున్నారు.

నాకు ఈ గోలంతా ఎందుకు తెలుసంటే, మా అబ్బాయి డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. పోయిన చలికాలం నేనూ మా ఆవిడా అక్కడే ఉన్నాం. 2025 ఫిబ్రవరి 1, శనివారం, అర్ధరాత్రి కావస్తోంది, మావాడు సోఫాలో ఫోను పట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నాడు. మా ఆవిడకి గుండె జారింది, ఊళ్లో ఎవరికేమైందిరా అని కంగారుగా అడిగింది. "లూకాని ఇచ్చేశారమ్మా" అన్నాడు. "లూకా ఎవర్రా, మీ ఆఫీసులోవాడా?" అంది.

లూకా డాన్చిచ్‌కి అప్పటికి 25 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితమే డాలస్ జట్టు మావెరిక్స్‌ని ఫైనల్‌కి తీసుకెళ్లినవాడు. అతన్ని లాస్ ఏంజిలిస్ లేకర్స్‌కి ఇచ్చి, దాదాపు 32 ఏళ్ల ఆంథొనీ డేవిస్‌ని, మాక్స్ క్రిస్టీని, లేకర్స్ 2029 మొదటి రౌండు పిక్‌ని, అంటే ఆ ఏడాది డ్రాఫ్టులో లేకర్స్ వంతుని తెచ్చుకున్నారు. మర్నాడు అభిమానులు స్టేడియం ముందు శవపేటిక పెట్టారు, నిజంగానే. తర్వాత జరిగింది చూడండి. డేవిస్ మొదటి మ్యాచులోనే గాయపడ్డాడు, మార్చిలో జట్టులోని ఇంకో స్టార్ కైరీ ఇర్వింగ్ మోకాలు పోయింది, జట్టు 39 గెలిచి 43 ఓడి, ప్లేఆఫ్స్‌లో చోటు కోసం ఆడే ప్లే-ఇన్‌లో మెంఫిస్ చేతిలో ఓడి ఇంటికొచ్చింది. మేము ఈలోగా గుంటూరు వచ్చేశాం. మే 13న ఇంకా తెల్లారక ముందే ఫోను. "నాన్నా, లాటరీ తగిలింది!" నేను ముందు వీసా లాటరీ అనుకున్నాను.

ఈ లాటరీ ఎలా తీస్తారో మీ వ్యాసంలో చెప్పలేదు, అసలు విషయం అక్కడే ఉంది. 14 బంతులు యంత్రంలో వేసి నాలుగు తీస్తారు. అలా మొత్తం 1,001 కలయికలు వస్తాయి, ఒకటి పక్కన పెట్టి మిగతా 1,000 జట్లకి పంచుతారు, ఎవరి కలయిక ముందు వస్తే వాళ్లకి మొదటి పిక్. 2019కి ముందు అన్నిటికన్నా చెత్త జట్టుకి అందులో 250 దక్కేవి, అందుకే అందరూ పోటీపడి ఓడేవాళ్లు, దాన్ని ట్యాంకింగ్ అంటారు. 2019 నుంచి అడుగున ఉన్న మూడు జట్లకీ తలా 140 ఇస్తూ వచ్చారు. డాలస్‌కి ఉన్నవి 18. వెయ్యిలో పద్దెనిమిది! అవే తగిలి మొదటి పిక్ వచ్చి, కూపర్ ఫ్లాగ్ అనే 18 ఏళ్ల కుర్రాడు చేతికొచ్చాడు. 65 మ్యాచులు ఓడిన యూటాకి 5వ పిక్, 64 ఓడిన వాషింగ్టన్‌కి 6వ పిక్. ఇది ఫిక్సింగేనని నెట్‌లో చాలామంది ప్రమాణాలు చేస్తున్నారు, 1985లో మొట్టమొదటి లాటరీలో న్యూయార్క్‌కి ప్యాట్రిక్ యూయింగ్ దక్కినప్పుడు కూడా తీసేవాడి చేతికి తెలిసేలా వాళ్ల కవరు ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచారని అన్నారు, అప్పట్లో బంతులు కాదు, కవర్లు తీసేవాళ్లు. నేను నమ్మను. విలేకర్లని, జట్ల మనుషుల్ని గదిలో కూర్చోబెట్టి వాళ్ల ముందే బంతులు తీస్తారు.

మీ వ్యాసకర్త ఫిలడెల్ఫియా పేరు ఎత్తారు కాబట్టి ఒక్క మాట. సామ్ హింకీ అనే మేనేజరు 2013 నుంచి మూడేళ్లు పని గట్టుకుని ఓడించాడు, 2015-16లో గెలిచినవి పదంటే పది. జోయెల్ ఎంబీడ్ అనే స్టార్ దొరికాడు, నిజమే, ఆ పైన 2016లో, 2017లో వరసగా మొదటి పిక్కులూ వచ్చాయి. అయినా అప్పటినుంచి 2025 దాకా ఆ జట్టు ప్లేఆఫ్స్‌లో రెండో రౌండు దాటలేదు. ఎంబీడ్‌ని తీసుకున్న 2014 డ్రాఫ్టులోనే డెన్వర్ వాళ్లు 41వ పిక్‌తో యోకిచ్‌ని తీసుకున్నారు, అతని పేరు వచ్చిన సమయానికి టీవీలో ఏదో ఫాస్ట్‌ఫుడ్ యాడ్ నడుస్తోంది. అతని మీద నిలబడే 2023లో డెన్వర్ కప్పు కొట్టింది.

ఇక ఓక్లహోమా సిటీ. జట్టు కట్టడం గురించి రాసేటప్పుడు వీళ్లని ఒక్క వాక్యంలో తేల్చేయడం అన్యాయం. డ్రాఫ్టు పిక్ అంటే ప్రామిసరీ నోటు లాంటిది. మామూలు నోటైతే రాసిచ్చినవాడు దివాలా తీస్తే మనం మునుగుతాం, ఇక్కడ వాడు ఎంత దివాలా తీస్తే మనకంత లాభం. ఆ జట్టు మేనేజరు సామ్ ప్రెస్టీకి ఈ లెక్క తెలుసు. 2019 జులైలో తమ స్టార్ పాల్ జార్జ్‌ని లాస్ ఏంజిలిస్‌లోని ఇంకో జట్టు క్లిప్పర్స్‌కి ఇచ్చి 21 ఏళ్లు నిండీ నిండని షాయ్ గిల్జస్-అలెగ్జాండర్‌ని, ఐదు మొదటి రౌండు పిక్కుల్ని రాయించుకున్నాడు. వాటిలో ఒకటి 2022లో 12వ పిక్ అయింది, దాంతో వచ్చినవాడే జేలెన్ విలియమ్స్. మధ్యలో వాళ్లూ ఓడారు, 2021 డిసెంబరులో మెంఫిస్ చేతిలో 73 పాయింట్ల తేడాతో, ఎన్‌బీఏ చరిత్రలోనే అంత పెద్ద ఓటమి లేదు. కానీ గట్టిగా ఓడింది రెండు సీజన్లే. 2022లో రెండో పిక్‌తో చెట్ హోమ్‌గ్రెన్ వచ్చాడు, అసలు డ్రాఫ్టులో ఎవరూ తీసుకోని లూ డోర్ట్‌ని డిఫెన్సుకి మూలస్తంభం చేశారు, 2025 జూన్‌లో కప్పు కొట్టారు. తమాషా ఏమిటంటే కప్పు కొట్టేనాటికి కూడా ఆ చాంపియన్ల దగ్గర క్లిప్పర్స్ 2026 పిక్ భద్రంగా ఉంది.

వచ్చే నెల మొదలయ్యే 2025-26 సీజన్‌ని నేను ఈ కళ్లజోడుతోనే చూస్తాను. 2026 డ్రాఫ్టులో డిబాంట్సా, డారిన్ పీటర్సన్, కామెరాన్ బూజర్ అని ముగ్గురు కుర్రాళ్ల పేర్లు మోగుతున్నాయి. పాత ఒప్పందాల ప్రకారం యూటా పిక్ మొదటి 8 లోపు పడితే వాళ్లదే, 8 దాటితే ఓక్లహోమాకి పోతుంది. వాషింగ్టన్‌దీ అంతే, 8 దాటితే న్యూయార్క్‌కి. కాబట్టి ఈ రెండు జట్లూ జనవరి తర్వాత ఎవరికి ఏ నొప్పి వచ్చిందని చెబుతాయో చూస్తూ ఉండండి. యూటా మార్చిలో తమ స్టార్ మార్కనెన్‌ని ఆడించనందుకు లక్ష డాలర్లు జరిమానా కట్టింది. జరిమానాలకి ఎవరు భయపడతారండీ, 2023 ఏప్రిల్‌లో డాలస్ ఇలాగే ఆటగాళ్లని కూర్చోబెట్టి 7,50,000 డాలర్లు కట్టి 10వ పిక్ నిలబెట్టుకుంది, ఆ పిక్ వల్లే డెరిక్ లైవ్లీ వచ్చాడు, మరుసటేడు ఫైనల్ ఆడారు.

న్యూ ఆర్లీన్స్ సంగతి మాత్రం నాకు మింగుడు పడదు. గత సీజన్లో 21 మ్యాచులే గెలిచిన జట్టు, పోయిన జూన్‌లో 23వ పిక్ నుంచి 13కి ఎక్కి డెరిక్ క్వీన్‌ని తీసుకోవడం కోసం 2026 మొదటి రౌండు పిక్‌ని ఏ షరతూ పెట్టకుండా అట్లాంటాకి రాసిచ్చేసింది. మామిడితోటని పూత మీద అమ్ముకునేవాళ్లని చూశాను, పూత కూడా చూడకుండా అమ్ముకునేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా. క్వీన్ మంచి ఆటగాడే కావచ్చు. కానీ ఇక వాళ్లు ఓడిన ప్రతి మ్యాచూ అట్లాంటాలో పండగ.

మా ఇంట్లో గొడవ డాలస్ గురించి. డేవిస్ ఉంటే ఈసారి ప్లేఆఫ్స్ గ్యారంటీ, ఇర్వింగ్ కోలుకుని వస్తే ఇంకేం కావాలంటాడు మావాడు. నేను ఒప్పుకోను. 2030 దాకా చూస్తే ఆ జట్టు సొంత పిక్కుల్లో పూర్తిగా వాళ్ల చేతిలో ఉన్నది 2026దొక్కటే. 2027ది మొదటి రెండులో పడితే తప్ప షార్లెట్‌కి పోతుంది, 2028లో తమ పిక్‌తో మార్చుకునే హక్కు ఓక్లహోమాకి ఉంది, 2029ది చేయి దాటిపోయింది, 2030లో మార్చుకునే హక్కు శాన్ ఆంటోనియోకి. అంటే 2027 నుంచి 2030 దాకా ఓడినా పైసా లాభం లేదు. ఫ్లాగ్ మంచి వయసుకి వచ్చేసరికి డేవిస్‌కి 37 దాటతాయి. డేవిస్‌కి ధర ఉండగానే, అంటే ఆటగాళ్లని మార్చుకోడానికి ఉన్న ఫిబ్రవరి గడువు లోపలే, అతన్ని పంపించి కుర్రాళ్లనీ పిక్కుల్నీ తెచ్చుకోవాలని నా వాదన. "నాన్నా, మీరు లూకాని ఇచ్చేసిన ఆ మేనేజరు కన్నా డేంజర్" అన్నాడు.

మన లీగుల గురించి కూడా చెప్పి ఆపుతాను. మన సన్‌రైజర్స్ 2023లో పది జట్లలో పదోది. ఆఖరున ఉన్నందుకు వేలంలో రాయితీ ఏమీ లేదు, పర్సు పరిమితి అందరికీ ఒకటే, 20.5 కోట్లు పెట్టి కమిన్స్‌ని, 6.8 కోట్లకి హెడ్‌ని కొన్నారు, 2024లో ఫైనల్ ఆడారు. అలాగని వేలం గొప్పదనీ అనను, తెలుగు టైటన్స్ కబడ్డీ వేలంలో పవన్ సెహ్రావత్‌కి 2 కోట్ల 60 లక్షల పైన పోసి కూడా ఆ సీజన్ అట్టడుగునే ముగించారు. డ్రాఫ్టు పెడితే మన దగ్గర జట్లు పోటీపడి ఓడడం మొదలెడతాయి, టికెట్ కొన్నవాడి గతి ఏంటో వ్యాసకర్త చెప్పాలి.

ఒక చిన్న విన్నపం. సీజన్ మొదలయ్యాక మీరు ఎన్‌బీఏ పాయింట్ల పట్టిక వేసేటప్పుడు గెలుపు, ఓటమి గళ్ల పక్కన ఇంకో గడి కలపండి, ఆ జట్టు 2026 మొదటి రౌండు పిక్ ఎవరి చేతిలో ఉందో అందులో వేయండి. చోటు చాలకపోతే అడుగున ఉన్న పది జట్లకి వేసినా చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు,
గుంటూరు