పెద్దవ్వ పొలం సంగతి

తిరుపతి,
ఆదివారం

ఒరేయ్ సామీ,

నీ ఉత్తరానికి జవాబు రాయకుండా ఇన్నాళ్లు ఉన్నందుకు తిట్టుకునే ఉంటావు. తిట్టు, కానీ ఇది మొత్తం చదివాక తిట్టు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, పాపకు కాలేజీలో సీటు వచ్చింది, తోతాపురి ఈసారి కాపు తక్కువ. కబుర్లు అయిపోయాయి. అసలు సంగతి మా కపిల బావి తోట గురించి, అది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

తమ్ముడు ఆ తోట మీద లోనుకు పెట్టాడు. బ్యాంకు వకీలు లింక్ డాక్యుమెంట్లు, అంటే పొలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత పత్రాలు, తెమ్మన్నాడు. హక్కుల రికార్డు 1బి నాయన పేరు మీదే ఉంది, పాసుపుస్తకమూ ఉంది. నాయనకు ఎలా వచ్చింది? తాత నుంచి. మరి తాతకు? అక్కడ అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎద్దుల జత అమ్మి కొన్నానని తాత నీకూ చెప్పేవాడు కదా, అరుగు మీద కూర్చోబెట్టి, నువ్వేమో రెండో ఎద్దు పేరు మళ్లీ మళ్లీ అడిగేవాడివి! ఆ ఎద్దులు అమ్మిన కాగితం మాత్రం ఎక్కడా లేదు.

పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే ఈసీ కంప్యూటర్‌లో 1983 దాకా వెళ్లి ఆగిపోయింది. అంతకు ముందువి చేత్తో రాసిన పుస్తకాల్లో వెతకాలి, మనిషి పేరుతో అయితే ఒకటో ఇండెక్సు, పొలంతో అయితే రెండో ఇండెక్సు. పాత అడంగళ్లలో, అంటే ఊరి భూముల లెక్క పుస్తకాల్లో, సంవత్సరాలు ఫసలీల్లో ఉంటాయి, మన సంవత్సరం తెలియాలంటే 590 కలుపుకుంటూ పోవాలి. మా ఊరు కార్వేటినగరం జమీనుది కాబట్టి, 1948 చట్టంతో ఎస్టేట్లు పోయాక ఏ నేల ఎవరిదో తేల్చి సెటిల్‌మెంటు వాళ్లు రాసిన ఫెయిర్ అడంగలే మాకు మూలం. దాని నకలు చేతికొచ్చాక మా సర్వే నంబరు మీద వేలు పెట్టి అడ్డంగా జరుపుకుంటూ పోతే పట్టాదారు గడిలో ఎవరి పేరుందో తెలుసా? పెద్దవ్వ.

తాత అక్కరా. వంటింటి పంచలో చింతపండు గింజలు తీస్తూ కూర్చునే పెద్దవ్వ, మనకు చెనక్కాయలు ఉడకబెట్టి పెట్టిన పెద్దవ్వ. సాయంత్రం కాగానే కర్ర పట్టుకుని గట్లన్నీ తిరిగొచ్చేదని నువ్వు కలెక్టరమ్మ అనేవాడివి. ఆమె తిరిగింది తన సొంత పొలం గట్ల మీద! నీ సైకిలు బావిలో పడ్డ సంగతి దాచినట్టే ఇది కూడా కడుపులో దాచుకుని పోయింది.

తర్వాత పుత్తూరు రిజిస్ట్రారాఫీసు పుస్తకాల్లో పెద్దవ్వ రాసిన దానపట్టా దొరికింది. ‘నిధి నిక్షేప జల తరు పాషాణ’ అంటూ మొదలుపెట్టి రెండెకరాల చిల్లర, బావిలో సగం వంతు తన తమ్ముడికి, అంటే తాతకు, రాసిచ్చింది. ఆ పొలం తనకు అత్తగారింటి వాళ్లు మనోవర్తి (బతుకుతెరువు) కింద ఇచ్చారనీ, ఆ ఒప్పందం తిరుత్తణిలో రిజిస్టరు అయిందనీ అందులోనే ఉంది. పదహారేళ్లకే మొగుడు పోతే బతకడానికి ఇచ్చిన నేల అది. అత్తగారింటి వాళ్ల ఆస్తి పుత్తూరు, తిరుత్తణి రెండు వైపులా ఉండేది కాబట్టి అక్కడ రాయించారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది, పుస్తకాలు అక్కడే ఉండిపోయాయి. అక్కడి గుమాస్తా చాలా మంచి మనిషి, పుస్తకం తెరిచి, ఇది తెలుగులో ఉంది, నాకు రాదు, మీరే చదవండి అన్నాడు. నేను పైకి చదువుతుంటే ఆయన తమిళంలో అర్థం అడుగుతున్నాడు. చివరి పేరా దగ్గర నా గొంతు ఆగిపోయింది. ఆమె బతికున్నంత కాలం అనుభవించాలి, అమ్మకూడదు, దానమివ్వకూడదు, తర్వాత పొలం అత్తగారింటి వారసులకే చెందాలి అని ఉంది.

ఆ రాత్రి నాయన అన్నం తినలేదు. యాభై ఏళ్లు దున్నిన నేల మనది కాదా అని ఒకటే టెన్షన్.

పొద్దున్నే చిత్తూరులో మనకు తెలిసిన పెద్ద వకీలు దగ్గరికి పరుగెత్తాం. ఆయన కాగితాలు చూసి నవ్వాడు. 1956 హిందూ వారసత్వ చట్టంలో 14వ సెక్షన్ ఉందట. ఆడమనిషికి పరిమిత హక్కుతో ఉన్న ఆస్తి ఆ చట్టంతో పూర్తిగా ఆమెదే అయిపోతుంది. మనోవర్తి కింద ఇచ్చిందైతే పత్రంలో షరతు రాసినా నిలబడదని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. మన పెద్దవ్వ దానపట్టా రాసింది 1962లో. అంటే పూర్తి హక్కుదారుగానే రాసింది. నాయన అక్కడే, వకీలు ముందే, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

ఇంటికొచ్చి ఇనప్పెట్టె అడుగు దాకా తీస్తే అసలు పత్రం కూడా దొరికింది. పెద్దవ్వకు చదువు రాదనే కదా మనం అనుకున్నాం? వేలిముద్ర కాదురా, సంతకం! ఒక్కో అక్షరం విడివిడిగా, గట్టిగా అదిమి రాసింది, కాగితం వెనకవైపు చేత్తో తడిమితే గీతలు తగులుతున్నాయి. చోటు చాలక చివరి అక్షరం కింది వరుసలోకి దిగింది. ఎవరు నేర్పించారో, ఎప్పుడు నేర్చుకుందో. తాత మీద నాకు కోపం కూడా వచ్చింది, ఎద్దుల కథ ఎందుకు చెప్పాడు? అక్క ఇచ్చిందని చెబితే ఏం పోయింది? మళ్లీ అనిపిస్తుంది, అత్తగారి వైపు వాళ్లు వచ్చి అడుగుతారని భయపడ్డాడేమో, లేకపోతే ఆమే చెప్పొద్దని... నాకు తెలియట్లేదు, నువ్వే చెప్పు, తాత నీతో ఎక్కువ మాట్లాడేవాడు.

పంపు షెడ్డు గోడ మీద ఆమె పేరు రాయించాలని నాయన అంటున్నాడు. తమ్ముడికి లోను సంగతే ధ్యాస. నాకైతే ఆమె ఫొటో ఒక్కటి కావాలి, మా ఇంట్లో ఒక్కటీ లేదు. మీ చిన్నాయన తిరుత్తణి పక్కనే టీచరుగా చేశారు కదా, ఆ అత్తగారి ఊళ్లో పాత కుటుంబాలు ఆయనకు తెలిసే ఉంటాయి. పెళ్లి ఫొటో లాంటిది ఎవరి దగ్గరైనా ఉందేమో ఒక్కసారి అడగరా, మర్చిపోకు. బావి వంతుల గొడవ కూడా ఆ పత్రంలో ఉంది, అది ఇంకా పెద్ద కథ, మన గొల్లపల్లె తాత కూడా సాక్షిగా ఉన్నాడు, అది... తమ్ముడు బండి స్టార్ట్ చేసేశాడు, వెంకటగిరి కోట వైపు పోతూ పోస్టులో వేస్తాడట, మిగతాది మళ్లీ రాస్తా. ఫొటో సంగతి అడుగు.

నీ
బావిగట్టు