గుణకారానికి దారులు చాలా ఉన్నాయి, మార్కులు ఒక్కదానికేనా?

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ప్రాథమిక పాఠశాలలో గణితం చెప్పే ఉపాధ్యాయురాలిని. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు గుణకారం నేర్పడంలోనే నా ఏడాదిలో ఎక్కువ భాగం గడిచిపోతుంది. ఒక జవాబు పత్రం నా చేత ఈ ఉత్తరం రాయిస్తోంది.

25 × 18 ఎంత అన్నది ప్రశ్న. నాలుగో తరగతి పాప కింద ఇలా రాసింది: "నాలుగు 25లు 100. పదహారు 25లు 400. ఇంకా రెండు 25లు 50. మొత్తం 450." జవాబు సరిగ్గా ఉంది. ఎలా వచ్చిందో కూడా పూస గుచ్చినట్టు రాసింది. పేపరు దిద్దినవారు జవాబుకు ఒక మార్కు వేసి, పక్కన "పద్ధతి లేదు" అని ఎర్ర సిరాతో రాసి, మిగతా మూడు మార్కులు తీసేశారు. దిద్దినవారిని నేను తప్పుపట్టడం లేదు. వాళ్ల చేతికి అందిన మూల్యాంకన సూచనల్లో ఉన్నది ఒక్కటే పద్ధతి: అంకెలు ఒకదాని కింద ఒకటి రాయాలి, రెండో వరుసలో ఒక స్థానం వదలాలి, చివర్లో కూడాలి. అలా చేస్తేనే మార్కులు.

అదే కట్టలో ఇంకో అబ్బాయి పేపరు ఉంది. 24 × 13 అడిగితే నిలువుగా చక్కగా రాశాడు. మూడుతో గుణించి 72 వేశాడు. ఒకటితో గుణించి 24 వేశాడు, కానీ స్థానం వదలడం మర్చిపోయి సరిగ్గా 72 కిందే పెట్టాడు. కూడితే 96 వచ్చింది. పద్ధతికి కొన్ని మార్కులు వచ్చాయి. ఆ అబ్బాయిని పిలిచి, "పది 24లు ఎంతరా?" అని అడిగాను. "240 టీచర్" అన్నాడు వెంటనే. "మరి పదమూడు 24లు 96 ఎలా అవుతాయి?" అన్నాను. పేపరు వంక చాలాసేపు చూశాడు. తను రాసిన 24 నిజానికి 240 అని అప్పటిదాకా వాడికి ఎవరూ చూపించలేదు. స్థానం వదలమన్నారు కాబట్టి వదిలేవాడు, ఆ రోజు మర్చిపోయాడు. అంతే.

మంత్రి గారూ, ఈ రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి చూడండి. గుణకారం అర్థమైంది ఎవరికి? మనం ఎక్కువ మార్కులు ఇచ్చింది ఎవరికి?

ఇదే 24 × 13ని గడుల్లో వేసి చూపిస్తే పిల్లలకు కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఒక దీర్ఘచతురస్రం గీసి, ఒక పక్క 24ని 20, 4గా, ఇంకో పక్క 13ని 10, 3గా విడదీస్తాం. లోపల నాలుగు గడులు వస్తాయి: 200, 60, 40, 12. కూడితే 312. ఇందులో వదలాల్సిన స్థానం లేదు, ఎందుకు వదిలామో తెలియని సున్నా లేదు. ఏ గడి మర్చిపోయినా ఖాళీగా కనిపిస్తుంది. ఈ పిల్లలే పై తరగతులకు వెళ్లి బీజగణితంలో (x + 3)(x + 4) చూసినప్పుడు ఇదే బొమ్మ అక్కరకొస్తుంది: x², 4x, 3x, 12. గుణకారాన్ని అంకెల తంతుగా మాత్రమే నేర్చుకున్న పిల్లలు అక్కడ మళ్లీ మొదటికొచ్చి, ఇంకో సూత్రం బట్టీ పడతారు.

ఈ మాట అనగానే చాలామంది తల్లిదండ్రులు, కొందరు తోటి టీచర్లు కూడా "అయితే ఎక్కాలు వద్దంటారా?" అని అడుగుతారు. వద్దనడం లేదు. ఎక్కాలు నోటికి రావాల్సిందే. 7 × 8 దగ్గరే ఆగిపోయే పిల్ల 47 × 68 దాకా వెళ్లేసరికి అసలు ఏం చేస్తున్నదో మర్చిపోతుంది. నేనడిగేది, అవి నోటికి ఎలా రావాలన్నది.

ఒకటి నుంచి పది వరకు ఎక్కాలంటే పిల్లల కళ్లకు నూరు లెక్కలు, నూరు విడివిడి బరువులు. కానీ 3 × 8, 8 × 3 ఒకటేనని, వరుసల్లో పేర్చిన చుక్కల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూపిస్తే అవి 55కి దిగుతాయి. 1, 2, 5, 10 ఎక్కాలు పిల్లలకు తేలిగ్గా వచ్చేస్తాయి. అవి తీసేస్తే మిగిలేవి 21. తొమ్మిదో ఎక్కమంటే పదో ఎక్కంలోంచి ఒకసారి తగ్గించడమే: 9 × 7 అంటే 70లోంచి 7 తీస్తే 63. అది తెలిస్తే 15 మిగులుతాయి. నాలుగో ఎక్కం రెండో ఎక్కానికి రెట్టింపు, ఇక మిగిలేవి పది. మూడో ఎక్కమంటే రెట్టింపుకి అదే సంఖ్యను ఇంకోసారి కలపడం. చివరికి మిగిలేవి ఆరంటే ఆరు: 6 × 6, 6 × 7, 6 × 8, 7 × 7, 7 × 8, 8 × 8. వీటిని కూర్చుని నేర్చుకోవచ్చు, లేదా ఇవి కూడా రాబట్టుకోవచ్చు. నాలుగు ఏడులు 28 అని తెలిస్తే ఎనిమిది ఏడులు 56. నూరు కాస్తా ఆరయిందని బోర్డు మీద కొట్టేస్తూ చూపించినప్పుడు తరగతిలో వచ్చే అల్లరి నాకు భలే ఇష్టం. ఎక్కాలంటే టెన్షన్ పడే పిల్లలు కూడా అప్పుడు లేచి నిలబడతారు.

ఇలా రాబట్టుకుని, పదే పదే వాడి, నోటికి తెచ్చుకున్న ఎక్కం మర్చిపోయినా మళ్లీ దొరుకుతుంది. పాటలా మాత్రమే అప్పజెప్పిన పిల్లవాడు 7 × 8 కోసం ఏడు ఒకట్ల ఏడు నుంచి మొదలుపెట్టాలి. పైగా నిమిషంలో ఇన్ని చెప్పాలని గడియారం పెట్టి అందరి ముందూ నిలబెడితే వచ్చినది కూడా రాదు. అలా నిలబడి చేతులు చెమటలు పట్టిన పిల్లల్ని నేను చాలామందిని చూశాను.

ఇవన్నీ విదేశాల నుంచి వచ్చిన కొత్త పోకడలని ఎవరైనా మీతో అంటే దయచేసి నమ్మకండి. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు తన గణిత గ్రంథం లీలావతిలో 135ని 12తో గుణించమని అడిగి, దానికి ఒక దారితో ఊరుకోలేదు. 12ని 8, 4గా విడదీసి వేరువేరుగా గుణించి కలపవచ్చన్నాడు. మూడుతో గుణించి, వచ్చినదాన్ని నాలుగుతో గుణించవచ్చన్నాడు. పదితో గుణించి 135కి రెండింతలు కలపవచ్చు, లేదా ఇరవైతో గుణించి 135కి ఎనిమిదింతలు తీసేయవచ్చన్నాడు. ఎలా చేసినా 1620. మా పాప 25 × 18ని విడదీసిన తీరు ఈ కోవలోదే. ఆ పాపకే మనం "పద్ధతి లేదు" అని రాశాం.

అయితే ఒక భయం కూడా మీ ముందు పెట్టాలి. ఈ ఉత్తరం చదివి రేపు మీ శాఖ "గడుల పద్ధతి, రెట్టింపు పద్ధతి, విడదీసే పద్ధతి అన్నీ నేర్పాలి, అన్నింటి మీదా పరీక్ష పెట్టాలి" అని ఉత్తర్వు ఇస్తే ఇప్పటికన్నా ఘోరం జరుగుతుంది. ఒక తంతు బట్టీ పట్టే పిల్లలు నాలుగు తంతులు బట్టీ పడతారు. "గడుల పద్ధతిలో చేయుము" అన్న ప్రశ్న ఈ ఆలోచన ప్రాణమే తీస్తుంది. ఏ లెక్కకు ఏ దారి తేలికో పిల్లలే చూసి ఎంచుకోవాలి. 25 × 18కి ఒకటి, 99 × 7కి ఇంకొకటి, 47 × 68కి మన పాత నిలువు పద్ధతే మేలు కావచ్చు. నిలువు పద్ధతి మంచిదే. అర్థమయ్యాక రావాలి, అంతే.

అందుకే నేను కోరేది చిన్నదే. గణితం మూల్యాంకన సూచనల్లో ఒక్క వాక్యం చేర్చండి: ఫలానా పద్ధతిలోనే చేయమని ప్రశ్నలో అడగనప్పుడు, సరైన తర్కంతో చేసిన ఏ పద్ధతికైనా పూర్తి మార్కులు ఇవ్వాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. ఆ తర్వాత వీలైతే శిక్షణ తరగతుల తీరు మార్చండి. ఉపన్యాసాలు, స్లైడ్లు తగ్గించి, పిల్లల జవాబు పత్రాలు పది పట్టుకుని మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టండి. ఈ పాప ఏం ఆలోచించింది, ఈ అబ్బాయి ఎక్కడ జారాడు అని మేము వాదించుకోవాలి. మాలో చాలామంది కూడా ఒకే పద్ధతి నేర్చుకుని వచ్చినవాళ్లమే. పిల్లలు కొత్త దారిలో వస్తే అది ఒప్పో తప్పో తేల్చుకోవడానికి మాకూ సాధన కావాలి. ఇక నిలువు పద్ధతి మొదలుపెట్టే ముందు మాకు ఇంకొన్ని వారాలు ఇవ్వండి. సిలబస్ వెనకబడిందని సంజాయిషీ అడగకండి.

ఆ పాప ఇప్పుడు ఐదో తరగతిలో ఉంది. మొన్న 99 × 7 ఇచ్చాను. నిలువుగా రాసుకుని, తొమ్మిది ఏడులు 63, మూడు వేసి ఆరు పైన పెట్టుకుని, జాగ్రత్తగా 693 తెచ్చింది. "వంద ఏడులు ఎంతమ్మా?" అన్నాను. "ఏడు వందలు" అంది. ఒక్క క్షణం ఆగి, నా ముఖంలోకి చూసి, "అలా రాస్తే మార్కులు వేస్తారా టీచర్?" అని అడిగింది. నేను ఇంకా జవాబు చెప్పలేదు. మీ ఉత్తర్వు కోసం చూస్తున్నాను.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు