మన చేనేత సంఘం, కొత్తవాడ, వరంగల్: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. నెలనెలా సమావేశాలు జరిగాయి, సభ్యత్వాలు రెన్యువల్ అయ్యాయి, పిల్లలకు నోటు పుస్తకాలు ఇచ్చాం. కానీ ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవాల్సింది ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవానికి హన్మకొండ వస్త్ర ప్రదర్శనలో మనం పెట్టిన స్టాల్ గురించే.

ఏటా మనం చేసేది తెలిసిందే: ముందు అడ్డంగా టేబుల్, దాని మీద మడతపెట్టిన దర్రీల (నేల మీద పరిచే నూలు జంపఖానాల) దొంతర, వెనక బ్యానర్. జనం టేబుల్ దాకా వచ్చి ధర అడిగి వెళ్లిపోతారు. ఈసారి టేబుల్ తీసేశాం. పక్కపక్కన రెండు స్టాళ్లు తీసుకుని, నడిమి పార్టిషన్ తీయించి, ఇంటర్‌లాక్ దర్రీలను గోడకు కాకుండా మధ్యలో పైపులకు వేలాడదీశాం. ఇంటర్‌లాక్‌లో రంగు మారే చోట పేక (అడ్డం) పోగులు ఒకదాంట్లో ఒకటి మెలి పడతాయి కాబట్టి డిజైన్ రెండు వైపులా కనిపిస్తుంది, గోడకు కొడితే ఆ పనితనం సగం ఎవరికీ తెలియదు. చుట్టూ తిరిగే దారి ఉండేసరికి జనం వెనక వైపు కూడా చేయి పెట్టి తడిమి చూశారు. క్లిప్పులు పెడితే బరువుకు అంచు సాగుతుందని పైన గుడ్డ పట్టీ కుట్టించి పైపు అందులోకి దూర్చాం. తెల్ల ట్యూబ్‌లైట్లు ఆర్పించి పసుపు ఫోకస్ లైట్లు పక్క నుంచి వాలుగా వేశాం, మెరూన్ మెరూన్‌లాగే కనిపించింది, నేత వరుస వరుసా తేలింది. నేలలో గుంత తీసి పెట్టే గుంత మగ్గం అక్కడ కుదరదు, అందుకే నేల మీద నిలబెట్టే ఫ్రేమ్ మగ్గం, అదీ దారికి అడ్డం రాకుండా లోపలికి జరిపి పెట్టాం. పేక దిగ్గొట్టే చప్పుడు విని వచ్చినవాళ్లే ఎక్కువ.

1851 లండన్ మహా ప్రదర్శనలో ఓరుగల్లు తివాచీలు ఉన్నాయని, 2018లో మన దర్రీలకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని పెద్ద అక్షరాలతో ఒక్క బోర్డే పెట్టాం. అది చాలు.

పైపులు వెల్డింగ్ చేసిచ్చిన తమ్ముడికి, మగ్గం విప్పి మోసి మళ్లీ బిగించిన పెద్దలకు, పట్టీలు కుట్టిన, రోజూ అన్నం వండి పంపిన అక్కలకు, ఆటో కిరాయి తీసుకోని అన్నకు సంఘం తరఫున కృతజ్ఞతలు. స్టాల్ కట్టడానికి వస్తామని పేర్లు రాయించినవాళ్లు చాలామంది ముందు రాత్రి ఫోనే ఎత్తలేదు, వచ్చిన నలుగురే తెల్లవార్లూ నిలబడ్డారు, ఇది బాధగానే చెబుతున్నా. ప్రారంభానికి వచ్చిన అధికారులు కూడా ఫొటో దిగి వెళ్లారు గానీ మగ్గం దాకా రాలేదు. నూలు సబ్సిడీ దరఖాస్తులు ఇంకా కదలలేదు, మళ్లీ వెళ్లి అడుగుతాం.

లెక్కలు ఆడిట్ అయ్యాయి, రసీదులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు.

పైపులు, లైట్లు, పట్టీలు సంఘం గదిలో భద్రంగా ఉన్నాయి. వచ్చే ప్రదర్శనకు నిజంగా రాగలిగినవాళ్లే ఈ నెలాఖరులోగా పేరు రాయించండి.

ఇట్లు,
కార్యదర్శి