పోస్ట్‌డాక్ నోటిఫికేషన్ ఏ నెలలో, మంత్రిగారూ?

గౌరవనీయులైన కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లో జీవశాస్త్రంలో పీహెచ్‌డీ ముగించి, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లు చేసే పరిశోధన ఉద్యోగం) కోసం వెతుకుతున్నవాళ్లలో నేనొకణ్ణి. థీసిస్ ఇచ్చేశాక మాలో చాలామందికి ఫెలోషిప్ ఆగిపోతుంది, హాస్టల్ గది ఖాళీ చేయమంటారు. మళ్లీ జీతం చేతికొచ్చేదాకా గడిచేదెలా అన్నది ఎవరి తలనొప్పి వాళ్లదే.

ప్రొఫెసర్లకు మెయిల్స్ పెడతాం. జవాబిచ్చేవాళ్లే తక్కువ. ఇచ్చినవాళ్లు చెప్పేది ఒకటే: "నీ పని బాగుంది, ప్రాజెక్టులో డబ్బుల్లేవు, ఫెలోషిప్ తెచ్చుకుంటే రా." వాళ్లనీ తప్పుపట్టలేం. ప్రాజెక్టుల్లో పీహెచ్‌డీ అయినవాళ్లు చేసే రీసెర్చ్ అసోసియేట్ పోస్టుల జీతాన్ని 2023లో మీ శాఖ పెంచింది, ఇప్పుడది స్థాయిని బట్టి నెలకు 58,000 - 67,000 రూపాయలు, సంతోషమే. కానీ ప్రాజెక్టులో ఆ పోస్టంటూ ఉండాలి కదా!

ఇక మిగిలేది పోస్ట్‌డాక్‌లకు కేంద్రం ఇచ్చే నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్. రెండేళ్లు, అదీ జీవితంలో ఒక్కసారే. దరఖాస్తుకు మనం చేరబోయే సంస్థ అధిపతి సంతకం, ముద్ర ఉన్న ఎండార్స్‌మెంట్ సర్టిఫికెట్ (మా దగ్గర చేరనిస్తాం అనే కాగితం) జతచేయాలి. నోటిఫికేషన్ వచ్చాక ఆ ఒక్క కాగితం కోసం పరుగులు మొదలవుతాయి. ప్రొఫెసర్ ఊళ్లో ఉండరు, డైరెక్టర్ ఢిల్లీ మీటింగులో ఉంటారు, ఫైలు ఏ బల్ల మీదుందో ఆఫీసులో ఎవరూ చెప్పరు. గడువు దగ్గరపడేకొద్దీ టెన్షన్.

యూరప్‌లో పోస్ట్‌డాక్‌లకిచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు సెప్టెంబర్‌లో గడువు, ఫిబ్రవరిలో ఫలితం. ఏటా దాదాపు ఇంతే. దాన్నిబట్టి థీసిస్ ఎప్పుడివ్వాలో ముందే అనుకోవచ్చు. పైగా అక్కడ వయసు అడగరు, పీహెచ్‌డీ వచ్చి ఎనిమిదేళ్లు దాటకపోతే చాలు. మన దగ్గర నోటిఫికేషన్‌కు ఖాయమైన నెల లేదు, వయసుకు మాత్రం 35 అని గీత ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు ఉందనుకోండి. అయినా ఎమ్మెస్సీ కాగానే ఇంటి అప్పులు తీర్చడానికి కొన్నాళ్లు పాఠాలు చెప్పి, ఆలస్యంగా పరిశోధనకు వచ్చినవాళ్లకు ఖాళీగా గడిచే ప్రతి నెలా వయసులోంచే పోతుంది.

ఇంట్లో ఇబ్బంది లేనివాళ్లు ఏడాదైనా ఆగగలరు. ఆగలేనివాళ్లు నీట్ కోచింగ్‌లో బాటనీ చెప్పడానికి వెళ్లిపోతున్నారు. అదేమీ చిన్న పని కాదు, నెల తిరిగేసరికి జీతం వస్తుంది కూడా. కానీ ఒకసారి అక్కడ కుదురుకున్నవాళ్లు మళ్లీ ల్యాబ్‌కు రావడం నేనైతే చూడలేదు.

అందుకే అడుగుతున్నాను. వచ్చే ఏడాది నోటిఫికేషన్ ఏ నెలలో వస్తుందో, ఫలితాలు ఎప్పుడిస్తారో ఈ ఏడాదే ప్రకటించండి. దీనికి కొత్త బడ్జెట్ కూడా అక్కర్లేదు. వయసు లెక్క తీసేసి, పీహెచ్‌డీ వచ్చిన తేదీ నుంచి లెక్కపెట్టండి. ఎంపికైనవాళ్లకు మొదటి నెల జీతం మొదటి నెలలోనే అందేలా చూడండి.

ఇట్లు,
ఉద్యోగం వెతుక్కుంటున్న ఒక పరిశోధకుడు,
హైదరాబాద్