అమ్మకు, సంచిలో పెట్టి పంపుతున్న ఉత్తరం

కువైట్,
2025 అక్టోబర్ 24, శుక్రవారం

అమ్మకు నమస్కారం.

నేను ఇక్కడ బాగున్నాను. మీరందరూ బాగున్నారని తలుస్తాను. పాపా, ఇది అవ్వకు చదివి వినిపించు. మధ్యలో "చాల్లే" అంటే ఆపొద్దు, కడదాకా చదువు.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకు అంటావేమో. డిసెంబర్ 13న డెహ్రాడూన్‌లో నా పిల్లోడు మిలట్రీ ఆఫీసరయ్యే పరేడ్‌కు నువ్వూ రావాలని చెప్పబోతే, ఫోన్‌లో నువ్వు నన్ను చెప్పనియ్యవు. "నాకెందుకే ఆ చలి, మీరు పోయి రండి" అని ఒక్క మాట అనేసి బర్రెకు నీళ్లు పెట్టాలని లేచిపోతావు. నాకు గొంతు పట్టేస్తుంది. ఈలోగా లోపలినుంచి ఎవరో ఒకరు పిలుస్తారు. అందుకే రాస్తున్నాను. సిద్ధవటం అక్క ఆదివారం ఇంటికి వస్తోంది, తన సామానులో నాకు ఐదు కేజీలకు చోటిచ్చింది. ఈ కాగితం స్వెటరు మడతలో పెడుతున్నాను.

ఆ స్వెటరు నీదే. నిండు చేతులది, గోధుమ రంగుది. మరదలికి ఇయ్యొద్దు, దానికి నేను వచ్చేటప్పుడు వేరే తెస్తాను. కింద పల్చటి తెల్ల బట్టలు రెండు జతలు ఉన్నాయి, వాటిని థర్మల్స్ అంటారు. జాకెట్టు కింద ఒంటికి ఆనుకొని వేసుకోవాలి, చీరకట్టు కింద కాళ్లకు తొడుక్కోవాలి. పైకి ఏమీ కనపడదు, సిగ్గుపడే పని లేదు. చెవులకు మంకీ క్యాప్ పెట్టాను. మోకాళ్లకు రాసుకునే మందు రెండు సీసాలు ఉన్నాయి, ఒకటి ఇప్పుడే వాడు, రెండోది ప్రయాణానికి దాచు.

పని ఎప్పటిలాగే ఉంది. నేను చూసుకునే పెద్దావిడకు ఇప్పుడు నడక పూర్తిగా పోయింది, రాత్రి రెండుసార్లు లేస్తాను, అంతే. తిండికి లోటు లేదు. పోయిన శుక్రవారం మాలియాకు పోయి మనవాళ్లతో కూర్చొని వచ్చాను. రాజంపేట ఆమె ఒకామె చెనిక్కాయల చట్నీ చేసి తెచ్చింది. అది నాలుక మీద పెట్టుకోగానే మన వంటింట్లో రోలు దగ్గర కూర్చున్నట్టే అయింది నాకు. తమ్ముడి చెనిక్కాయ ఎంత వచ్చింది? పెన్నలో నీళ్లు ఉన్నాయా?

సెలవు దొరికింది. ముందు ఆ టెన్షన్ వదిలెయ్. మామా, అదే మా ఇంటి యజమానురాలు, ఆగస్టులోనే సరే అంది గానీ, ఈ నెల మొదట్లో మాట మార్చింది. నవంబర్ 15 నుంచి ఇక్కడ డేరాల కాలం. సాల్మీ రోడ్డు పక్క ఎడారిలో డేరాలు వేసుకొని, సెలవు దొరికితే చాలు ఇంటిల్లిపాదీ అక్కడికే పోతారు, మార్చి నడుమ దాకా. ఆ వంటలు, పిల్లలు, పెద్దావిడ, అన్నీ మా చేతి మీదే. "జనవరిలో పో" అంది. నేను ఏడవలేదు. ఫోన్‌లో పిల్లోడు యూనిఫాంలో ఉన్న ఫొటో చూపించి, "జనవరిలో అక్కడ ఏమీ ఉండదు మామా, డిసెంబర్ 13న ఒక్క పూటే" అన్నాను. ఆమెకూ ఇద్దరు మగపిల్లలే. ఆ ఫొటో చాలాసేపు చూసింది. మర్నాడు పొద్దున నా పాస్‌పోర్టు తెచ్చి చేతిలో పెట్టింది. ఆ రోజే టికెట్ కొనేశాను. డిసెంబర్ 10 రాత్రికి ఢిల్లీలో దిగుతాను.

ఇప్పుడు మీ ప్రయాణం. ఇది తమ్ముడు కూడా వినాలి.

కడపలో సంపర్క్ క్రాంతి ఎక్కితే బండి మారే పని లేదు, ఢిల్లీలో నిజాముద్దీన్‌లోనే దిగడం. డిసెంబర్ 10 లోపలే అక్కడ దిగేటట్టు చూసుకోవాలి. తమ్ముడు ఇంకా టైముంది అంటున్నాడట. లేదు. రిజర్వేషన్ ఇంతకుముందు నాలుగు నెలల ముందే తెరిచేవాళ్లు, పోయిన సంవత్సరం నవంబర్ నుంచి అరవై రోజులకు తగ్గించారు. మనకు కావలసిన తేదీలకు తెరిచి ఇప్పటికే పది పదిహేను రోజులైంది. ఏసీలోనే చెయ్యమను, నీకు కింది బెర్తు అడగమను. పెద్దవాళ్లకు టికెట్‌లో తగ్గించేది 2020లో తీసేశారు, అందుకని ఖర్చు చూసి నువ్వు ఉలిక్కిపడొద్దు, ఆ డబ్బు నేను పంపాను. విమానం అంటే నీకు భయమని అది అడగనైనా అడగలేదు.

ఒక రోజు ముందే రమ్మంటున్నది ఎందుకంటే, డిసెంబర్‌లో ఆ పక్క పొగమంచు. మన దగ్గర సంక్రాంతికి తెల్లవారుజామున చేలమీద పడేది కాదు. పట్టాలు కనపడవు, సిగ్నల్ కనపడదు, బండ్లు గంటలు గంటలు ఆలస్యం అవుతాయి. ఝాన్సీ దాటినాక బండి నిలబడిపోతే కంగారు పడొద్దు. నా విమానానికీ అదే గతి పట్టొచ్చు. అందుకే 11న పొద్దున శతాబ్దికి పోదాం అనుకుంటున్నాం. అది ఢిల్లీలో ఏడు కాకముందే బయలుదేరుతుంది, మధ్యాహ్నానికి డెహ్రాడూన్. 12 మొత్తం నువ్వు పడుకొని లేవొచ్చు. గది పిల్లోడు చూసి పెట్టాడు, ప్రేమ్‌నగర్ దగ్గర. వాళ్ల మిలట్రీ అకాడమీ కూడా ఆ చక్రాతా రోడ్డు మీదే ఉంది. ఆ రెండు రోజులూ ఊళ్లో గదులు దొరకవట, దేశం నలుమూలల నుంచీ అమ్మానాన్నలు వస్తారు కదా.

చలి గురించి నిజం చెప్తాను. రాత్రి బాగా ఉంటుంది, ఐదారు డిగ్రీలకు దిగుతుంది. మధ్యాహ్నం ఎండ కాస్తే మన కార్తీక మాసంలాగా హాయిగా ఉంటుంది. కష్టమైనది ఒక్క 13 తెల్లవారుజామునే. పొద్దు సరిగ్గా రాకముందే పోయి కూర్చోవాలి. ఆ రెండు మూడు గంటలు ఓర్చుకుంటే చాలు. తిరుమలలో వైకుంఠ ఏకాదశికి రాత్రంతా క్యూలో కూర్చున్నదానివి నువ్వు, నీకు ఇదొక లెక్కా.

ఆధార్ కార్డు అసలుది తేవాలి. జిరాక్స్ పనికిరాదు.

పోయిన ఆదివారం పిల్లోడు ఫోన్ చేసినప్పుడు, "అమ్మా, ఆధార్‌లో అవ్వ పేరు ఎట్లా ఉంది, ఇంటిపేరు ముందుందా వెనకుందా" అని అడిగాడు. ఎందుకురా అంటే, వచ్చేవాళ్ల పేర్లు ముందే ఇయ్యాలట. మొదటి గీతలో నీ పేరు రాశాడు. రెండోది నాది. మూడోది వాళ్ల మామది. నువ్వు రానంటున్నావని నేను వాడికి చెప్పలేదు. చెప్పలేను అమ్మా.

చిన్నమ్మ మళ్లీ ఏదో అందట కదా, ఒక్కగానొక్క కొడుకును మిలట్రీకి ఇచ్చి నేను కువైట్‌లో కూర్చున్నానని. మరదలు చెప్పింది. ఎవరు ఏమన్నా పడతాను గానీ ఆ మాట పడను. వాడిని నేను పంపలేదు. కలికిరిలో సైనిక్ స్కూల్ పెట్టిన ఏడాది, 2014లో, వాడు ఆరో తరగతి. చదువు బాగుంటుందని, హాస్టల్ ఉంటుందని చేర్పించాం, అంతకుమించి నాకు తెలియదు. ఎన్‌డీఏ పరీక్ష, అంటే మిలట్రీ ఆఫీసర్ల చదువుకు పెట్టేది, రాస్తానని వాడే అడిగాడు. రాతపరీక్ష అయినాక ఐదు రోజులు ఉంచుకొని నడక, మాట, ధైర్యం అన్నీ చూసి తీసుకున్నారు. పూణే దగ్గర ఖడక్‌వాస్లాలో ఎన్‌డీఏ చదువు మూడేళ్లు, డెహ్రాడూన్‌లో ఒక ఏడాది. వాడు ఒక్కసారి కూడా వెనక్కి వస్తానని అనలేదు.

నీ భయం వేరే అని నాకు తెలుసు. మే నెలలో గోరంట్ల దగ్గరి తండా పిల్లోడు, అగ్నివీర్‌గా పోయినవాడు, సరిహద్దులో కాల్పుల్లో పోయాడని టీవీలో చూసి నువ్వు రెండు రోజులు ముద్ద ముట్టలేదట. నేనూ ముట్టలేదు. ఆ తల్లి ఏడుపు నా ఫోన్‌లోకీ వచ్చింది. ఆ రాత్రి పెద్దావిడ మంచం పక్కన నేలమీద కూర్చొని తెల్లారేదాకా వాడి నంబరే చూస్తూ ఉన్నాను. భయం లేదని నీకు అబద్ధం రాయను. కానీ పోయిన ఏడాది జూన్‌లో ఇక్కడ మంగాఫ్‌లో కూలివాళ్లు ఉండే బిల్డింగ్‌కు నిప్పంటుకొని మన దేశం వాళ్లే నలభై మందికి పైగా పోయారు. డ్యూటీ నుంచి వచ్చి నిద్రపోతున్నవాళ్లు. కూటికి వచ్చిన చోట కూడా అట్లా అయింది. వాడు తెలిసి, ఇష్టపడి పోతున్నాడు. నేను వద్దనలేను, నువ్వు కూడా వద్దనలేదు. నీకు గుర్తుందా, ఎన్‌డీఏ ఉత్తరం వచ్చిన రోజు ఒంటిమిట్ట రాముడికి కొబ్బరికాయ కొట్టింది నువ్వే.

వాడు చెప్పాడు, డెహ్రాడూన్‌లో వాళ్ల అకాడమీ చెట్‌వుడ్ హాల్లో గోడ మీద చెక్కి ఉంటుందట. దేశం క్షేమం, గౌరవం అన్నిటికంటే ముందు, నీ కింద ఉన్న మనుషుల బాగు దాని తర్వాత, నీ సుఖం అన్నిటికంటే చివర, ఎప్పుడూ. విన్నప్పుడు నాకు బాధ కలిగింది, నా బిడ్డ సుఖం చివరన ఏంటి అని. తర్వాత నువ్వు గుర్తొచ్చావు. అందరికీ సంగటి ముద్దలు పెట్టి, చివర కుండ అడుగున గీకి తినేదానివి. అది వాడు చిన్నప్పటి నుంచీ నీ పక్కన కూర్చొని చూసినదే.

13న ఏం జరుగుతుందో చెప్తాను విను. పరేడ్ అయినాక పిల్లలు ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ ఆ చెట్‌వుడ్ బిల్డింగ్ మెట్లు ఎక్కి లోపలికి పోతారు. దాన్ని అంతిమ్ పగ్ అంటారు, అంటే కేడెట్‌గా వాడు వేసే ఆఖరి అడుగు. తర్వాత ఇంటివాళ్లను పిలుస్తారు. లెఫ్టినెంట్ అయితే ఒక్కో భుజానికి రెండు నక్షత్రాలు. వాటిని వాడి భుజాల మీద పెట్టేది అధికారులు కాదు, ఇంటివాళ్లే. కొందరికి అమ్మ ఒక పక్క, నాన్న ఒక పక్క. మనకు ఒక పక్క నేను, ఒక పక్క నువ్వు. నేను ఒక్కదాన్నే రెండు పక్కలా పెట్టడానికి నాకు చేతులు రావు.

వాడికి ఆటలమ్మ పోసినప్పుడు నాకు తెలిసింది తగ్గినాక. వేపాకుల మీద పడుకోబెట్టి పదకొండు రోజులు గడప దాటకుండా ఉన్నది నువ్వు. కలికిరిలో దించిన రోజు వాడు గేటు పట్టుకొని ఏడిస్తే, నువ్వు సాయంత్రం దాకా ఆ చెట్టు కిందే కూర్చొని ఆఖరి బస్సుకు వచ్చావట. గువ్వలచెరువులో బస్సు ఆగితే కోవా కొనమని తమ్ముడంటే వద్దన్నావట, తినేవాడు లేడు అని. ఆ సంగతి తమ్ముడు నాకు మూడేళ్ల తర్వాత చెప్పాడు. ఆ తర్వాత వాడిని చూడడానికి పోయిన ప్రతిసారీ కోవా తీసుకొనే పోయావు. ఈసారి కూడా కేజీ తీసుకో. చలికి పాడవదు. వాడి స్నేహితులకు కూడా పెట్టాలి, గువ్వలచెరువు కోవా గురించి వాళ్లకు నాలుగేళ్లుగా చెప్తూనే ఉన్నాడు.

పోయిన నవంబర్‌లో ఖడక్‌వాస్లాలో పరేడ్‌కు మనం పోలేకపోయాం. నాకు సెలవు ఇవ్వలేదు, నీకు జ్వరం, తమ్ముడు ఒక్కడే పోయాడు. నేను వంటింట్లో గిన్నెల మధ్య ఫోన్ నిలబెట్టుకొని చూశాను. అందరూ ఒక్క తీరుగా ఉంటే వాడెక్కడున్నాడో పోల్చుకోలేకపోయాను. వాడు ఒక్క మాట కూడా అనలేదు, "మామ వచ్చాడు కదా అమ్మా, చాలు" అన్నాడు. ఆ "చాలు" నాకు ఇంకా గుచ్చుకుంటోంది.

ఇంకొక మాట. శతాబ్ది పోయేది హరిద్వార్ మీదుగానే. డెహ్రాడూన్ నుంచి అక్కడికి యాభై కిలోమీటర్ల పైచిలుకు. పరేడ్ అయినాక పిల్లోడికి కొన్ని రోజులు సెలవు ఇస్తారు, వాడితో కలిసి హరిద్వార్‌లో దిగుదాం. నాయన పోయినప్పుడు గంగకు తీసుకుపోలేదని, పెన్నలోనే కలిపామని నువ్వు ఇప్పటికీ అంటావు కదా. వాడి చేయి పట్టుకొని గంగలో మూడు మునకలు వెయ్యి, నాయనకు నీళ్లు వదులు. అక్కడ నీళ్లు బాగా చల్లగా ఉంటాయి. ఎక్కువసేపు ఉండనియ్యను.

బర్రె సంగతి మరదలు చూసుకుంటానంది. ఇక ఆ సాకు చెప్పొద్దు.

పొగమంచు వల్ల నా విమానం ఎక్కడైనా ఆగిపోతే నా కోసం మీరు ఢిల్లీలో కూర్చోవద్దు. ఇది గట్టిగా చెప్తున్నాను. తమ్ముడూ నువ్వూ శతాబ్ది ఎక్కేయండి. నేను రాలేకపోతే రెండు భుజాలకూ నువ్వే పెట్టు. వాడు నీ కోసం కొంచెం వంగుతాడు, ఇప్పుడు చాలా పొడుగయ్యాడు. భయపడి చేయి వణికితే వణకనియ్, ఎవరూ ఏమీ అనుకోరు.

నీలం అంచు చీర కట్టుకో, పెళ్లిళ్లకు కట్టేది. స్వెటరు దాని మీద వేసుకున్నా అంచు కనపడుతుంది.

బూట్లు ఈ సంచిలో పెట్టలేదు, నీ కొలత నాకు తెలియలేదు. ఎప్పుడూ చెప్పులే కదా. పాపా, అవ్వ కాలు కాగితం మీద పెట్టించి పెన్సిలుతో చుట్టూ గీసి, మడమ నుంచి బొటనవేలి దాకా స్కేలుతో కొలిచి నాకు ఫొటో పంపు. రెండు కాళ్లూ కొలువు, అవ్వకు ఎడమ కాలు వాపు ఉంటుంది. మేజోళ్లతో కలిపి వదులుగా ఉండేవి చూసి నేను ఇక్కడే కొంటాను.

నీ కూతురు